ఓర్కాలను చూడబోయే ముందు ఇంటిపేర్లు నేర్చుకోండి

ముందుగా నా తప్పొకటి చెప్పేస్తాను, మీరు చేయకుండా ఉంటారు. సియాటిల్ వచ్చిన కొత్తలో ఓర్కాలనే నలుపూ తెలుపూ సముద్రజీవుల్ని చూడాలని సరదా పుట్టి మ్యాపు తెరిస్తే ఓర్కస్ దీవి అని కనిపించింది. పేరులోనే ఉన్నాయి కదా, ఇంకెక్కడుంటాయి అనుకుని నేరుగా అక్కడికే ఫెర్రీ ఎక్కాం. రోజంతా కొండెక్కి దిగి, ఐస్‌క్రీమ్ తిని, ఒక్క రెక్క కూడా చూడకుండా తిరిగొచ్చాం. ఆ దీవి పేరుకూ ఈ జంతువుకూ ఏ సంబంధమూ లేదట. పాతకాలపు మెక్సికో వైస్రాయ్ పేరులో 'ఓర్కసీటాస్' అని ఒక ముక్క ఉంటే, స్పెయిన్ నావికులు దాన్ని తెచ్చి దీవికి తగిలించారు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్లుగా బోతెల్‌లో ఉంటున్నాం. ఏటా మే నెల వచ్చేసరికి అందరి ఇళ్లకూ ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో దిగుతారు, నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, ఆ నలుపూ తెలుపూ తిమింగలాలు ఎక్కడ కనిపిస్తాయి? గ్యారంటీగా కనిపించాలి, మా మామయ్యగారు ఎక్కువసేపు నిలబడలేరు." గ్యారంటీ లేదు. మామయ్యగారికి మడతకుర్చీ పట్టుకెళ్లండి. మిగతాది ఫోనులో పదిసార్లు చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను.

ఎవరెవరో తెలుసుకుని వెళ్లండి

పెళ్లికి వెళ్లినప్పుడు ఎవరు ఎవరి తాలూకో తెలియకపోతే భోజనం తప్ప ఏం గుర్తుంటుంది? ఓర్కాలూ అంతే. ముందు వీటి చుట్టరికాలు ఒక గంట చదువుకుని వెళ్లండి.

తిమింగలం అంటాం గానీ ఓర్కా డాల్ఫిన్ల కుటుంబంలోది, వాటిలో అన్నిటికన్నా పెద్దది. సియాటిల్ నుంచి వాంకూవర్ దాకా ఉన్న ఈ నీళ్లను సేలిష్ సముద్రం అంటారు. ఇక్కడ మీకు కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. రెసిడెంట్లనేవి చేపలు తింటాయి. బిగ్స్ ఓర్కాలనేవి సీళ్లను, సీ లయన్లను, చిన్న డాల్ఫిన్లలా ఉండే పార్పస్‌లను వేటాడతాయి. ఇక్కడ బిగ్ అంటే పెద్ద అని కాదు, మైకేల్ బిగ్ అనే కెనడా శాస్త్రవేత్త పేరు. వీపు రెక్క మీది గాట్లను, రెక్క వెనకున్న బూడిదరంగు మచ్చను ఫొటో తీస్తే ప్రతి ఓర్కానూ విడివిడిగా గుర్తుపట్టవచ్చని 1970లలో ఆయన చూపించారు. ఆ మచ్చను జీను అంటారు, గుర్రం మీది జీనులా ఉంటుందని. అప్పటిదాకా ఈ నీళ్లలో ఓర్కాలు వేలల్లో ఉన్నాయనుకునేవాళ్లట. లెక్కపెడితే వందల్లో తేలాయి.

ఈ రెండు రకాలూ ఒకే నీళ్లలో తిరుగుతాయి గానీ ఒకదానితో ఒకటి కలవవు, జతకట్టవు. వీటిని రెండు వేర్వేరు జాతులుగానే లెక్కించాలని 2024లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు కూడా. తేడా పట్టడం కష్టమేమీ కాదు. ఆడ రెసిడెంటు రెక్క కొస గుండ్రంగా ఉంటుంది, బిగ్స్‌ది మొనదేలి ఉంటుంది. రెసిడెంట్లలో చాలావాటికి జీనులోకి నల్లటి గీత చొచ్చుకొచ్చి ఉంటుంది. బిగ్స్‌కి జీను నిండుగా బూడిదరంగే. ఆరడుగుల ఎత్తున నిటారుగా నిలిచిన రెక్క కనిపిస్తే ఏ రకమైనా అది ఎదిగిన మగది.

ఇక ఇంటిపేర్లు. ఈ చుట్టుపక్కల తిరిగే రెసిడెంట్లను సదరన్ రెసిడెంట్లంటారు. వీటికి మూడే ఇళ్లు: జె, కె, ఎల్. ఇల్లు అని నేనంటాను, వాళ్లు పాడ్ అంటారు. ఎల్ పెద్దది, కె చిన్నది. మూడూ కలిపినా డెబ్భై పైచిలుకే. ప్రతి ఓర్కాకూ ఇంటిపేరు పక్కన ఒక అంకె, దానికి తోడు ఒక ముద్దుపేరు. జె35ని తాలెక్వా అంటారు. దాని పెద్దకొడుకు జె47, నాచ్. 2020 సెప్టెంబరులో పుట్టిన చిన్నకొడుకు జె57, ఫీనిక్స్.

కొడుకైనా కూతురైనా బతికినంతకాలం తల్లి పక్కనే ఉంటారు. మొన్న వేసవిలో అమ్మ వచ్చినప్పుడు ఇదే చెబితే ఆవిడ మొదటి ప్రశ్న, "మరి కోడళ్లు?"

"కోడళ్లు లేరమ్మా. మగవాడు వేరే తల్లి కూతుర్ని కలిసి, మళ్లీ వచ్చి వాళ్లమ్మ పక్కనే ఈదుతాడు. పిల్లలు పుడితే వాళ్ల తల్లి దగ్గరే పెరుగుతారు. తండ్రెవరో డీఎన్ఏ పరీక్షలోనే తేలుతుంది."

"అయితే ఏ ఇంట్లోనూ గొడవలుండవన్నమాట," అంది అమ్మ.

ఇంటికి పెద్ద దిక్కు అమ్మమ్మ. ఆడ ఓర్కాకు నలభై ఏళ్ల ప్రాంతంలో కాన్పులు ఆగిపోతాయి, ఆ తర్వాత మరికొన్ని దశాబ్దాలు బతకగలదు. జంతువుల్లో ఇది చాలా అరుదు. పిల్లల్ని కనని ఈ పెద్దావిడ ఏం చేస్తుందని ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు, శాన్ వాన్ దీవిలో 1976 నుంచీ ఓర్కాలను లెక్కపెడుతున్న సెంటర్ ఫర్ వేల్ రీసెర్చ్ వాళ్లు కలిసి చూశారు. గుంపు ముందు నడిచేది ఎక్కువగా ఆవిడే. చేపలు తక్కువైన ఏడాది మరీను. ఎక్కడ దొరుకుతాయో ఆవిడకే గుర్తుంటుంది కాబోలు. ముప్పై దాటిన కొడుక్కి తల్లి పోతే, ఆ మరుసటి ఏడాదిలోపు వాడూ చచ్చిపోయే ముప్పు 14 రెట్లు పెరుగుతుందని 2012లో లెక్క తేల్చారు. తల్లులు తాము పట్టిన చేపను పెద్దయిన కొడుకులకు కొరికి పంచుతూనే ఉంటారు మరి. అందుకు తల్లి చెల్లించే వెల 2023లో బయటపడింది. కొడుకును సాకుతున్న తల్లికి ఇంకో బిడ్డ పుట్టి బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతోందట. ఇది అమ్మకు చెబితే నవ్వలేదు. మా అన్నయ్యకు నలభై నాలుగు.

ఎల్87 అనే మగ ఓర్కా ఉంది, పేరు ఓనిక్స్. 2005లో తల్లి పోయాక అది సొంతింట్లో నిలవలేదు. కె ఇంట్లోని ముసలమ్మల పక్కన కొన్నేళ్లు ఈదింది. తర్వాత జె ఇంట్లో పెద్దవాళ్ల పక్కన చేరింది. తల్లి పోయిన పిల్లాణ్ని పెద్దమ్మలు, మేనత్తలు చేరదీసినట్టు. ఇక్కడి లమ్మీ జాతివాళ్లు వీటిని అలల కింద ఉండే చుట్టాలంటారు.

ఎక్కడికి, ఎప్పుడు

అనకోర్టెస్ నుంచి శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్‌కి ఫెర్రీ, గంట పైచిలుకు ప్రయాణం. వేసవిలో కారుకు ముందే రిజర్వేషన్ చేసుకోకపోతే క్యూలోనే పొద్దు గడిచిపోతుంది. దిగాక ఫ్రైడే హార్బర్‌లోని వేల్ మ్యూజియంలో ఒక గంట కూర్చుని వంశవృక్షాలు చూడండి. పిల్లలకు బాగా ఎక్కుతాయి. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు కారులో వెళ్తే దీవికి పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ పాయింట్ పార్కు. 1919లో కట్టిన లైట్‌హౌస్ పక్కన రాళ్లుంటాయి. ఒడ్డు దగ్గరే నీళ్లు లోతు కాబట్టి, చేపల్ని తరుముతూ వచ్చిన ఓర్కాలు ఒక్కోసారి రాతికి పది పదిహేను గజాల్లో పైకి లేస్తాయి. అంత దగ్గరగా పడవ మీద నుంచి చూడాలంటే చట్టం ఒప్పుకోదు.

ఒకప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఎప్పుడు వెళ్లినా జె ఇంటివాళ్లు కనిపించేవారట. ఇప్పుడు వేసవిలో కూడా వారాల తరబడి జాడ ఉండదు. వెళ్లే ముందు రోజు, ఎక్కడ కనిపించాయో పోగుచేసి చెప్పే ఓర్కా నెట్‌వర్క్ వాళ్ల సమాచారం చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే దీవికి వెళ్లనక్కర్లేదు. చమ్ సాల్మన్ అనే చేపల వెనకే జె, కె ఇళ్లవాళ్లు సియాటిల్ ముంగిటికే వస్తారు. వెస్ట్ సియాటిల్‌లో ఆల్కై పాయింట్, వాషన్ దీవిలో పాయింట్ రాబిన్సన్ మంచి చోట్లు. చలికోటు తప్పనిసరి. నేను మొదటిసారి జె ఇంటిని నిండుగా చూసింది ఒక నవంబరు మధ్యాహ్నం ఆల్కైలోనే, ఆఫీసు మీటింగు చెవిలో నడుస్తుండగా. బిగ్స్ ఓర్కాలైతే ఏడాది పొడుగునా ఎక్కడైనా కనిపించవచ్చు. సీళ్లకు కొదవ లేదు కాబట్టి వాటి సంతతి పెరుగుతోంది.

ఒకే సముద్రం, ఒకడి కడుపు నిండుతోంది, ఇంకొకడిది మాడుతోంది. కారణం చేప. మన గోదావరి వాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఇలస, వరదనీటికి ఎదురీది వస్తే పులస. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట దాన్ని ఆపేస్తుంది. ఇక్కడ చినూక్ సాల్మన్ కూడా ఎదురీదే చేపే. ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, పుట్టిన ఏటికే గుడ్లు పెట్టడానికి వస్తుంది, పెట్టాక చచ్చిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలని మనవాళ్లన్నట్టు, సదరన్ రెసిడెంట్లు ఎన్ని చేపలున్నా చినూక్‌నే వెతుక్కుంటాయి. వేసవి తిండిలో చాలా భాగం అదే. ఏటికి అడ్డం ఆనకట్టలు లేచాయి, ఒడ్డున అడవులు పోయి నీళ్లు వేడెక్కాయి, వలలు పెరిగాయి. పుజెట్ సౌండ్ (సియాటిల్ ముందున్న సముద్రపాయ) చినూక్‌ను 1999లో ముప్పున్న చేపల జాబితాలో చేర్చారు, దాన్ని తినే సదరన్ రెసిడెంట్లను 2005లో అంతరించిపోతున్న జాబితాలో. ఎల్వా నది మీది రెండు ఆనకట్టల్ని 2011 నుంచి 2014 లోపు కూల్చేస్తే చేపలు మళ్లీ పైకి ఎక్కుతున్నాయి. స్నేక్ నది మీది నాలుగింటి తగాదా ఇంకా తెగలేదు. నేనూ ఒకప్పుడు కింగ్ సాల్మన్ తెచ్చి బెండకాయలేసి పులుసు పెట్టేదాన్ని, కింగ్ అంటే చినూకే అని తెలియక. ఇప్పుడు సాకై అనే ఇంకో రకం సాల్మన్ కొంటున్నాను. రుచి కొంచెం తక్కువే, అబద్ధమెందుకు.

రాతి మీద కూర్చున్నాక

బైనాక్యులర్ మొదటే తీయకండి. ఉత్తి కళ్లతో ఎడమ నుంచి కుడికి మెల్లగా నీటిని తుడిచినట్టు చూడండి. నల్లటి రెక్కకన్నా ముందు కనిపించేది ఊపిరి: నీటి మీద లేచి గాలిలో ఒక క్షణం నిలిచే తెల్లటి ఆవిరి. గాలి లేని రోజున చెవికి కూడా ఆనుతుంది, ప్రెషర్ కుక్కర్ ఒక్కసారి వదిలినట్టు. అది కనిపించాక బైనాక్యులర్ ఎత్తి పక్కన ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

లెక్క అయ్యాక ఏం చేస్తున్నాయో చూడండి. దూరదూరంగా చెదిరి, ఒక్కొక్కటీ ఉన్నట్టుండి మలుపులు తిరుగుతుంటే వేటలో ఉన్నట్టు. అందరూ భుజం భుజం కలిపి, ఒకేసారి ఊపిరి తీస్తూ, ఒకేసారి మునుగుతూ మెల్లగా పోతుంటే నిద్ర. అప్పుడు పిల్లల్ని అరవనివ్వకండి అని అమ్మ అంటుంది. వాటికి వినబడదని తెలిసినా నేనూ ఊరుకుంటాను. ఒకటి నిటారుగా తల బయటపెట్టి చుట్టూ చూస్తే అది మనల్ని చూసినట్టే. విడిపోయిన ఇళ్లు మళ్లీ కలిసినప్పుడు మరీ బావుంటుంది. రెండు వరుసలు ఎదురెదురుగా నిలబడి, కాసేపు ఆగి, ఒక్కసారిగా ఒకదాంట్లోకి ఒకటి దూసుకుపోయి ఒళ్లూ ఒళ్లూ రాసుకుంటాయి. వియ్యాలవారి ఎదుర్కోలు సన్నాహమే అనుకోండి. నేను చూడలేదు, చూసినవాళ్లు చెబితే విన్నాను. కెల్ప్ నాచు దగ్గరికి వస్తే ఇంకొకటి గమనించండి. కాడ ఒకటి తుంచి, రెండు ఓర్కాలు తమ ఒళ్ల మధ్య పెట్టుకుని దొర్లించుకుంటూ రుద్దుకుంటాయి. డ్రోన్లతో చూసి 2025లో ఈ సంగతి ప్రకటించారు. మన నలుగు స్నానం లాంటిదేమో. వీటి ఫ్యాషన్లూ ఉంటాయి. 1987 వేసవిలో ఒకటి చచ్చిన సాల్మన్‌ను తలమీద టోపీలా పెట్టుకుంటే కొన్ని వారాల్లో మిగతా ఇళ్లకూ ఆ పిచ్చి పాకి, తర్వాత దానంతటదే పోయింది.

ఒక తల్లి ముక్కు మీద కదలని పిల్లను మోస్తూ కనిపించడం మాత్రం మీ కంట పడకూడదనే కోరుకుంటాను. 2018 జులైలో తాలెక్వాకు పుట్టిన ఆడపిల్ల అరగంటకే పోయింది. ఆ శవాన్ని అది 17 రోజులు వదల్లేదు. 2024 డిసెంబరులో ఇంకో ఆడపిల్ల పుట్టి పోయింది, మళ్లీ రోజుల తరబడి మోసింది. ఇది దాని ఒక్కదాని గొడవ కాదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు టకర్ అనే కుక్కను పడవ మొనలో కూర్చోబెట్టేవాళ్లు. నీటి మీద తేలే ఓర్కా పేడ వాసన అది పసిగట్టేది. ఆ పేడలోని హార్మోన్లు పరీక్షిస్తే, 2008 నుంచి 2014 మధ్య నిలిచిన కడుపుల్లో మూడింట రెండు వంతులు దక్కలేదని తేలింది. తల్లికి తిండి చాలకపోవడమే ముఖ్య కారణమన్నారు. తిండి చాలకపోతే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. ఎప్పుడో 1970లలో నిషేధించిన పీసీబీలు, డీడీటీ అనే విషరసాయనాలు ఇంకా ఆ కొవ్వులోనే దాగి ఉన్నాయి. కొవ్వు కరిగితే అవి రక్తంలోకి, పాలలోకి దిగుతాయి. మొదటి బిడ్డ తాగేది ఎక్కువగా ఆ పాలే.

అసలు ఈ ఇళ్లల్లో ఓర్కాలు ఇంత తక్కువగా మిగలడానికి ఇంకో పాత కథ ఉంది. వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో విడ్బీ దీవి మీదుగా వెళితే కూప్‌విల్ దగ్గర పెన్ కోవ్ చూడండి. చూడ్డానికి ఏమీ ఉండదు, ప్రశాంతమైన నీళ్లు. 1970 ఆగస్టులో అక్కడ పేలుడు మందులతో బెదిరించి, వలలు వేసి ఎనభై దాకా ఓర్కాలను చుట్టుముట్టారు. ఏడు పిల్లల్ని అక్వేరియాలకు అమ్మారు. ఐదు చచ్చిపోతే కడుపులు కోసి రాళ్లు నింపి ముంచారు. ఆ అమ్మిన పిల్లల్లో టోకిటే ఒకటి. యాభై ఏళ్లకు పైగా మయామీలో చిన్న కొలనులో బతికి 2023 ఆగస్టులో, ఇంటికి పంపే ఏర్పాట్లు మాటల్లో ఉండగా పోయింది. ఏరుకుపోయింది ఎక్కువగా పిల్లలనే. ఈపాటికి అమ్మమ్మలు కావలసినవాళ్లు వాళ్లు.

చెవులతో చూడటం

ఫెర్రీ ఎక్కే ఓపిక లేనివాళ్లు ఇంట్లోనే కూర్చుని ఓర్కాసౌండ్ అనే సైటు తెరవండి. నీటి అడుగున పెట్టిన మైకుల శబ్దం ఇరవై నాలుగు గంటలూ వస్తుంది. ఒక్కో ఇంటిది ఒక్కో యాస. అమలాపురం మాటకూ కర్నూలు మాటకూ ఉన్నంత తేడా. కె ఇంటివాళ్లు తరచూ పలికే పిలుపొకటి పిల్లికూన అరిచినట్టుంటుంది. 2002లో తల్లి పోయి వాషన్ దీవి ఫెర్రీ దారిలో ఒంటరిగా తిరుగుతున్న స్ప్రింగర్ అనే పిల్ల ఓర్కా, ఉత్తరాన కెనడాలోని ఒక కుటుంబానిదని యాసను బట్టే గుర్తుపట్టారు. పడవలో తీసుకెళ్లి అక్కడ వదిలితే సొంతవాళ్లలో కలిసిపోయి తర్వాత తానూ తల్లైంది. బిగ్స్ మాత్రం వేటలో నోరెత్తవు, సీళ్లకు చెవులుంటాయి కాబట్టి.

మైకులో మీకు ఎక్కువగా వినిపించేది మాత్రం ఓడ. ఓర్కా టిక్కుటిక్కుమని శబ్దం వదిలి, చేప ఒంట్లోని గాలితిత్తి నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో అది చినూకో కాదో తెలుసుకుంటుంది. ఓడ మోతలో ఆ ప్రతిధ్వని మునిగిపోతుంది. మిక్సీ తిరుగుతుండగా ఫోనులో మాట్లాడినట్టు. పడవలు దగ్గరికొస్తే ఆడ ఓర్కాలు వేట మానేస్తున్నాయని కూడా చూశారు.

అందుకే పడవ ఎక్కాలనుకుంటే ఒక్కమాట. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ నీళ్లలో సదరన్ రెసిడెంట్లకు 1,000 గజాల లోపుకి పడవ పోకూడదు. అర మైలు పైమాటే. కాబట్టి టూరు పడవలు చూపించేది బిగ్స్‌నే, లేదంటే అసలు తిమింగలాలనే. "దగ్గరగా తీసుకెళ్తాం" అని ఎవరైనా ఊరిస్తే ఎక్కకండి. సొంత కయాక్ ఉన్న తమ్ముళ్లకూ ఇదే మాట. కారు వదిలి బస్సెక్కమని చెప్పే ధైర్యం నాకు లేదు గానీ, టైర్లలో కలిపే ఒక రసాయనం వానకు వాగుల్లోకి చేరి కోహో సాల్మన్లను గంటల్లో చంపుతోందని 2020లో ఇక్కడే కనిపెట్టారు. వాన పడ్డప్పుడల్లా 405 హైవే మీద నాకు అది గుర్తొస్తుంది.

చివరగా, ఒక నోటుబుక్కు

తేదీ, టైము, చోటు, ఎన్ని, ఎటు పోతున్నాయి. ఇంతే రాయండి. ఫొటో ఉంటే రెక్క ఎడమవైపుదా కుడివైపుదా అని కూడా రాసుకోండి, గుర్తుపట్టడానికి పనికొస్తుంది. ఏమీ రాని రోజు పేజీ ఖాళీగా వదలకండి, రాలేదని రాయండి. మా అమ్మ ఉన్న రెండు నెలల్లో లైమ్ కిల్న్‌కి నాలుగుసార్లు వెళ్లాం. ఒక్కసారే కనిపించాయి, అవీ బిగ్స్. మిగతా మూడు పేజీలు అమ్మ చేతిరాతే. ఇండియా వెళ్లే ముందు ఆఖరిసారి రాసింది ఇలా ఉంది: "ఆదివారం. పొద్దున పది నుంచి రెండింటి దాకా. ఓర్కాలు రాలేదు. సీలు ఒకటి, మనల్నే చూస్తూ కూర్చుంది. ఓడలు తొమ్మిది."